కరెంటు లేని ఊళ్లలో రేడియో: ఆ పెట్టెను మరల పలికించుట

మన ప్రాంతములో రేడియో చరిత్ర చెప్పువారు సాధారణముగా స్టేషన్లతో ఆరంభింతురు. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రము, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ప్రారంభమైనవి. హైదరాబాదులోని దక్కన్ రేడియో 1950 ఏప్రిల్‌లో ఆకాశవాణిలో చేరినది. ఇవి చెప్పవలసిన సంగతులే. అయితే స్టేషను మాట్లాడినంత మాత్రమున ఊరు వినలేదు. మొదటి పంచవర్ష ప్రణాళిక ఆరంభమగునాటికి దేశములోని అయిదున్నర లక్షల పైచిలుకు గ్రామములలో కరెంటు ఉన్నవి సుమారు మూడు వేలు మాత్రమే. తక్కినవాటికి ఆ మాటలను చేర్చినది బ్యాటరీ. కాని బ్యాటరీని గురించి వ్రాసినవారు తక్కువ.

బ్యాటరీ రేడియో అనగానే నేటి యువజనులకు ట్రాన్సిస్టరు గుర్తుకు వచ్చును. మొదటి ట్రాన్సిస్టరు రేడియో అమెరికాలో 1954లో అమ్మకమునకు వచ్చినది. మన పల్లెలలో అది విరివిగా కనబడినది 1960 దశకములోనే. అంతకుముందు ఉన్నది వాల్వుల రేడియో. వాల్వు అనగా గాలి తీసివేసిన గాజుబుడ్డి. అందులో సన్నని తీగ ఒకటి వేడెక్కి ఎలక్ట్రానులను వదలును. వాటిని ఎదుటనున్న రేకు తనవైపు లాగుకొనవలెనన్న ఎక్కువ వోల్టేజి కావలెను. కనుక ఒక బ్యాటరీతో పని జరుగదు. తీగకు ఒకటి, రేకుకు ఒకటి ఉండవలెను. మొదటిదానిని ఎల్.టి. అనియు, రెండవదానిని హెచ్.టి. అనియు పిలిచెడివారు. 1920 దశకపు సెట్లలో గ్రిడ్డుకని మూడవ బ్యాటరీ కూడ ఉండెడిది. ఆనాటి సెట్లు చాలవాటిలో వాల్వుల తీగలు కరెంటును ఎంతగా త్రాగెడివనగా, మోటారు కారులో ఉండు యాసిడ్ బ్యాటరీయే వాటికి కావలసియుండెను. అది దిగిపోయినప్పుడెల్ల ఛార్జింగుకు మోసికొని పోవలసినదే.

ఈ భారమును తగ్గించినవి 1939, 1940 ప్రాంతములలో వచ్చిన 1.4 వోల్టుల చిన్న వాల్వులు. అమెరికావారు వీటిని 1ఆర్5, 1టి4, 1ఎస్5, 3ఎస్4 అనిరి. ఐరోపా కంపెనీలు వీటినే డి.కె.91, డి.ఎఫ్.91, డి.ఎ.ఎఫ్.91, డి.ఎల్.92 అనిరి. నాలుగును చిటికెన వ్రేలంత బుడ్డులే. నాలుగింటి తీగలకు కలిపి 250 మిల్లీయాంపియర్లు చాలును, అనగా ఒక టార్చిలైటు బల్బునకు పట్టునంత. తరువాత వచ్చిన 96 వరుస వాల్వులకు అందులో సగమే చాలినది. హెచ్.టి.కి 90 వోల్టుల బ్యాటరీ. చూచుటకు ఒకే దిమ్మవలె ఉండును గాని, దాని లోపల 1.5 వోల్టుల పలుచని సెల్లులు అరువది పేర్చియుండును.

ఆ దిమ్మ ఖరీదైనది, పట్టణము నుండి తేవలసినది. అందుచేత వార్తలు కాగానే రేడియో కట్టివేయు ఇండ్లు ఎన్నో ఉండెడివి. పాట మధ్యలో కట్టివేసినను ఎవరును నోరెత్తకూడదు! పోస్టాఫీసులో లైసెన్సు రుసుము వేరుగా కట్టవలెను. అది 1980 దశకములో గాని పోలేదు. రెండు వెదురు గడల నడుమ రాగితీగ ఏరియల్, నేలలో గొయ్యి త్రవ్వి ఉప్పు, బొగ్గు వేసి పాతిన ఎర్తు గొట్టము, వేసవిలో ఆ గొయ్యిలో చెంబెడు నీళ్లు పోయుట, ఇవన్నియు రేడియో వినుటలో భాగములే. ఏరియల్ దింపకుండ ఉరుముల వేళ నిద్రపోయినవారిని ఇంటి పెద్దలు ఊరకే విడిచిపెట్టెడివారు కారు.

ఇట్టి సెట్లు నేటికిని కొన్ని ఇండ్లలో అటకలమీద ఉన్నవి. పనిచేయుటలేదని వాటిని పాతసామానుల వానికి తూచి ఇచ్చుచున్నారు. కొందరు లోపలి దంతయు పీకివేసి, బ్లూటూత్ బోర్డు ఒకటి పెట్టించి, అతిథులకు చూపుచున్నారు. అట్లు చేసినయెడల పెట్టె మిగులును గాని రేడియో మిగలదని నా అభిప్రాయము. దానిని ఉన్నదున్నట్లుగా పలికించుట సాధ్యమే. అయితే తొందరపాటు పనికిరాదు.

నేను సేవచేసిన ఒక పాస్టరేటులో రిటైరైన ఉపాధ్యాయుడొకరు తమ తండ్రిగారి సెట్టును పట్టణములోని ఒక మెకానిక్కునకు ఇచ్చిరి. పాత బ్యాటరీ ప్లగ్గును ఎవరో ఎప్పుడో కోసివేసియుండిరి. ఆ ప్లగ్గు ఉన్నంతకాలము తప్పుగా పెట్టుటకు వీలుండదు, దాని పుల్లల అమరికయే అట్టిది. అది లేకపోగా మెకానిక్కు తీగల రంగులను నమ్మి 90 వోల్టులను ఎల్.టి. తీగకు కలిపెను. 1.4 వోల్టుల తీగ 90 వోల్టులకు ఎట్లు తాళును? నాలుగు వాల్వులును ఒకేసారి పోయినవి. "చప్పుడైనా రాలేదండి అయ్యగారూ, ఊరకే ఆరిపోయింది" అని మాష్టారు నాతో చెప్పిరి. అట్టి వాల్వులను నేడు ఎవరును తయారుచేయుట లేదు. పాత నిలువలలోనే వెదకవలెను.

కావున రంగులను నమ్మరాదు. ప్రతి తీగను అది చేరు చోటువరకు వ్రేలితో వెంబడించవలెను. డి.ఎఫ్.91లో 1, 7 నంబరు పిన్నులు తీగ కొనలు. అచ్చటికి పోవునది ఎల్.టి. స్పీకరు ట్రాన్సుఫార్మరు వైపు పోవునది హెచ్.టి. వాల్వు తీగ తెగినదా లేదా అని మీటరుతో చూచునప్పుడు తక్కువ ఓముల రేంజి పెట్టరాదు. కొన్ని పాత మీటర్లు ఆ రేంజిలో 50 మిల్లీయాంపియర్ల తీగ భరించలేనంత కరెంటును పంపును.

తరువాత మైనము పూసిన కాగితపు కండెన్సర్లు. మన వానకాలములు వాటిని ఎన్నడో చెరచియుండును. అన్నిటికంటె ముందు మార్చవలసినది డి.ఎ.ఎఫ్.91 నుండి డి.ఎల్.92 గ్రిడ్డునకు పోవు కండెన్సరు. అది కారినయెడల చివరి వాల్వు గ్రిడ్డు పాజిటివ్ అగును. అప్పుడు వాల్వును బ్యాటరీయును రెండును నశించును. హెచ్.టి.కి అడ్డముగానున్న ఎలక్ట్రోలైటిక్‌ను గూడ మార్చవలెను. క్రొత్తదానిని పాత గొట్టములోనే దాచి మైనముతో మూసినయెడల లోపలి రూపము చెడదు. ఇందుకు ఒక సాయంకాలము ఎక్కువ పట్టును, అంతే.

ఇక బ్యాటరీ. మల్టీమీటరులో వేయు 9 వోల్టుల చిన్న బ్యాటరీలను పదింటిని వరుసగా కలిపిన 90 వోల్టులు వచ్చును. సెట్టు వాడుకొనునది సుమారు 10 మిల్లీయాంపియర్లే గనుక ముప్పది, నలుబది గంటలు వినవచ్చును. ఎల్.టి.కి పెద్ద టార్చిలైటు సెల్లు ఒకటి చాలును, నాలుగు తీగలు పక్కపక్కగా కలిపిన సెట్లలో మాత్రమే. వరుసగా కలిపిన సెట్లు కొన్ని ఉన్నవి, వాటికి 7.5 లేక 9 వోల్టులు కావలెను. ఏది యైనదో ముందుగా తెలిసికొనవలెను. ఎలిమినేటరుల జోలికి పోకుండుట మేలు. చౌకరకపువి హోరు పెట్టును.

మొదట వాల్వులన్నిటిని తీసివేసి, బ్యాటరీలు కలిపి, ప్రతి సాకెట్టులో 1, 7 పిన్నుల మధ్య, డి.ఎల్.92 సాకెట్టులో మాత్రము 5, 7 పిన్నుల మధ్య, మీటరు పెట్టవలెను. పక్కపక్కగా కలిపిన సెట్టులో 1.5 వోల్టులకంటె ఎక్కువ చూపిన అచ్చటనే ఆగవలెను. 90 వోల్టులు చేతికి కూడ గట్టిగానే తగులును సుమా. హెచ్.టి. తీగలో 1,000 ఓముల రెసిస్టరు ఒకటి కలుపుట మంచిది. అప్పుడు ఎంత తప్పు జరిగినను 90 మిల్లీయాంపియర్లకంటె ఎక్కువ పోదు. నాలుగు వాల్వులు పక్కపక్కన ఉన్నప్పుడు అది వాటిని కాల్చలేదు. ఒక్క వాల్వు మాత్రమే ఉంచి పరీక్షించినయెడల ఈ రక్షణ ఉండదు. దీనివలన పోవునది సుమారు 10 వోల్టులే.

స్విచ్చి వేసిన వెంటనే బుడ్డులు వెలుగుటలేదని కంగారు పడరాదు. ఈ తీగల ఎరుపు చీకటి గదిలో సైతము కనబడీ కనబడనట్లుండును. స్పీకరులో సన్నని సుయ్యను శబ్దము వచ్చిన చాలును. ఏరియల్ తీగను తాకించినప్పుడు "టక్కు"మన్నచో దాదాపు అన్నియు బ్రదికియున్నట్లే. ఇక మీడియం వేవ్ ముల్లును నెమ్మదిగా, చీకటి పడిన తరువాత త్రిప్పవలెను. పగలు దూరపు స్టేషన్లు అందవు. పైగా ఆ స్టేషన్లే చాలచోట్ల మూతపడినవి. వినుట ముగిసిన పిమ్మట సెల్లులను తీసివేసి, ఏ తీగ ఎచ్చటిదో ఒక కాగితముమీద వ్రాసి వెనుక మూత లోపల అంటింపవలెను.