యాభై యాపిల్ చెట్ల పట్టా

అక్టోబరు వచ్చిందంటే మా ఇంట్లో ఒక శనివారం మొత్తం యాపిల్ సాస్‌కే పోతుంది. సాస్ అనగానే మనకు టమాటా సాస్ గుర్తొస్తుంది గానీ, ఇది ఉప్పూ కారం లేని మెత్తటి యాపిల్ గుజ్జు. అమెరికాలో పళ్ళు రాని పసివాడి దగ్గర్నుంచి పళ్ళూడిన ముసలాయన దాకా అందరూ తినే తిండి. పంది మాంసం వండుకునేవాళ్ళు పక్కన వడ్డించుకుంటారు. యూదుల ఇళ్ళలో హనుక్కా పండక్కి బంగాళాదుంప అట్ల మీద వేసుకుంటారు. తెనాలిలో పుట్టిన నేను దిబ్బరొట్టెతో తింటాను.

మేముండేది రాచెస్టర్‌లో. న్యూయార్క్ రాష్ట్రమే గానీ న్యూయార్క్ నగరానికి కారులో ఐదారు గంటల దూరం. ఉత్తరాన ఒంటారియో సరస్సు. చలికాలపు చల్లదనాన్ని ఆ నీళ్ళు వసంతం దాకా దాచుకుంటాయి. దాంతో ఒడ్డునున్న చెట్లు తొందరపడి పూత పూయవు, పూతకు మంచు దెబ్బ తగలదు. అందుకే మా పక్కనున్న వేన్ కౌంటీ నిండా యాపిల్ తోటలే. వాషింగ్టన్ రాష్ట్రం తర్వాత ఈ దేశంలో ఎక్కువ యాపిల్ పండే రాష్ట్రాల్లో మాదొకటి.

మేం ఇల్లు కొన్నప్పటికే పెరట్లో ఒక ముసలి యాపిల్ చెట్టు ఉంది. ఎవరు నాటారో, ఏ రకమో మాకు ఇల్లమ్మినవాళ్ళకే తెలియదు. కాయలు చిన్నవి, చర్మం మీద మచ్చలు, కొరికితే పులుపు. మొదటి ఏడాది వాటిని పారేయబోతుంటే పక్కింటి పెద్దావిడ కంచె దగ్గర నిలబడి వద్దంది. సాస్‌కి ఇలాంటివే కావాలి, తీపి కాయలు ఒక్కటే వేస్తే చప్పగా ఉంటుంది అంది. మర్నాడు తన సామాను మొత్తం పట్టుకొచ్చి నేర్పింది.

ఏడు క్వార్టు సీసాలు నింపాలంటే 21 పౌండ్ల కాయలు కావాలి, అంటే తొమ్మిదిన్నర కిలోలు. క్వార్టంటే లీటరుకు కాస్త తక్కువ. మా చెట్టు కాయలు సగం, తోటకెళ్ళి కొనుక్కొచ్చిన మెకింటాష్ రకం కాయలు సగం వేస్తాం. తొక్క తియ్యం. దెబ్బ తగిలిన మేర కోసేసి, నాలుగు ముక్కలు చేసి, అడుగంటకుండా కాసిని నీళ్ళు పోసి మూత పెడతాం. పదిహేను నిమిషాలకు మెకింటాష్ ముక్కలు పొంగి, నురగ కట్టి, ఆకారం కోల్పోయి కూలబడతాయి. తొక్కలోని ఎరుపు దిగి గుజ్జు గులాబీ రంగుకు తిరుగుతుంది. దాన్ని చేత్తో తిప్పే జల్లెడ గిన్నెలో వేసి తిప్పితే గుజ్జు కిందికి జారి, తొక్కలూ గింజలూ పైన మిగులుతాయి. చక్కెర వెయ్యను, చిటికెడు దాల్చినచెక్క పొడి చాలు.

ఉడుకుతున్న గుజ్జును వేడి సీసాల్లోకి ఎత్తి, పైన అరంగుళం ఖాళీ ఉంచి, అంచు శుభ్రంగా తుడిచి, మూత పెట్టి, మరిగే నీళ్ళలో ఇరవై నిమిషాలు ముంచి ఉంచాలి. బయటికి తీసి తువ్వాలు మీద వరసగా పెడితే, చల్లారుతున్నకొద్దీ లోపలి గాలి ముడుచుకుని మూతలు ఒక్కొక్కటే ‘టిక్’మని లోపలికి లాక్కుంటాయి. ఆవకాయ జాడీకి తడి తగలకూడదు, ఈ సీసాకు గాలి తగలకూడదు. మరతో బిగించే మూత ఉన్న ఈ సీసాకు జాన్ లాండిస్ మేసన్ 1858 నవంబరు 30న పేటెంటు తీసుకున్నాడు. అప్పటిదాకా పల్లెల్లో యాపిళ్ళను ఎండబెట్టడం, రసం పిండి సైడర్ చేయడం, నేలమాళిగలో దాచడం లాంటివే దారి. మేసన్ సీసా వచ్చాక కోతలప్పటి గుజ్జు వేసవి దాకా నిలిచింది.

సీసాలు చల్లారేలోపు మీకు ఈ చెట్టు కథ చెప్పాలి.

యాపిల్ అమెరికాది కాదు. ఐరోపావాళ్ళు రాకముందు ఇక్కడున్నవి గోలీలంత పుల్లటి అడవి యాపిళ్ళే. మనం తినే యాపిల్ పుట్టిల్లు మధ్య ఆసియా, కజకిస్తాన్ వైపు తియాన్ షాన్ కొండలు. అక్కడి నుంచి ఐరోపాకు, 1600ల్లో వలసదారుల ఓడల్లో ఇక్కడికి వచ్చింది. ఈ చెట్టుకు ఒక గుణం ఉంది. మామిడి టెంక నాటితే బంగినపల్లి వస్తుందన్న నమ్మకం లేనట్టే, యాపిల్ గింజ నాటితే తల్లి కాయ రాదు. ప్రతి గింజా ఒక కొత్త రకం. నచ్చిన రకం నిలవాలంటే అంటు కట్టాల్సిందే.

అమెరికాలో చిన్న పిల్లలందరికీ జానీ యాపిల్‌సీడ్ కథ చెబుతారు. ఆయన అసలు పేరు జాన్ చాప్‌మన్. 1774లో మసాచుసెట్స్‌లో పుట్టాడు, 1845లో ఇండియానాలో పోయాడు. చెప్పుల్లేకుండా తిరుగుతూ దారి పొడుగునా గింజలు చల్లిన సాధువుగా బొమ్మల పుస్తకాల్లో కనిపిస్తాడు. నిజంగా ఆయన చేసింది నర్సరీల పని. జనం రాబోయే చోటును ముందే కనిపెట్టి, అక్కడ గింజలు నాటి, కంచె కట్టి, వలసదారులు వచ్చేసరికి మొక్కలు అమ్మకానికి సిద్ధంగా ఉంచేవాడు. అంటు కట్టడం చెట్టును హింసించడమని ఆయన నమ్మకం. పోయేనాటికి ఆయన పేరు మీద 1,200 ఎకరాలకు పైగా ఉన్నాయి.

ఆ మొక్కలకు గిరాకీ ఎందుకు? అమెరికా చరిత్రలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన సమాధానం ఇందులోనే దొరికింది. 1790ల్లో ఒహాయో కంపెనీ అనే భూవ్యాపార సంస్థ సరిహద్దు భూముల్లో వలసదారుకు నూరు ఎకరాలు ఇచ్చేది. అందుకు పెట్టిన షరతుల్లో ఒకటి, మూడేళ్ళలో 50 యాపిల్ చెట్లు, 20 పీచ్ చెట్లు నాటాలి. గింజ నుంచి పెరిగిన యాపిల్ కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. అంత ఓపికగా చెట్టు పెట్టినవాడు వదిలి వెళ్ళడని వాళ్ళ లెక్క. అంటే ఇక్కడ యాపిల్ పండు కాకముందే పట్టా అయింది. మనూళ్ళలో పొలం గట్టున తాడిచెట్టు ఎవరిదన్న తగాదాలు చూసినవాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

చెట్టు నాటడం హక్కు అయినప్పుడు, చెట్టు నరకడం ఏమవుతుంది? దానికి జవాబు మా ఇంటికి గంట దూరంలోనే ఉంది.

ఈ నేల సెనెకా జాతి వాళ్ళది. హోడెనోషోనీ అనే ఆరు జాతుల సమాఖ్యలో పడమటి జాతి వాళ్ళు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి పండించేవాళ్ళు. ఐరోపావాళ్ళ నుంచి వచ్చిన యాపిల్, పీచ్ చెట్లను తోటలుగా పెంచుకున్నారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో సమాఖ్యలో ఎక్కువ జాతులు బ్రిటన్ పక్షం ఉన్నాయి. 1779లో జార్జి వాషింగ్టన్ ఆజ్ఞ మీద జనరల్ సలివన్ సైన్యంతో వచ్చి నలభై దాకా ఊళ్ళు తగలబెట్టాడు. ధాన్యం కాల్చారు, కాయలతో ఉన్న చెట్లు నరికారు. ఆ సెప్టెంబరులో నాశనమైన పెద్ద ఊళ్ళలో కనడసేగా ఒకటి. సెనెకాలు వాషింగ్టన్‌ను పిలిచిన పేరుకు అర్థం ‘ఊళ్ళు నాశనం చేసేవాడు’. యుద్ధం ముగిశాక 1788లో ఫెల్ప్స్, గోరమ్ అనే ఇద్దరు వ్యాపారులు సెనెకాల దగ్గర సుమారు 26 లక్షల ఎకరాలు రాయించుకున్నారు. మొదట ఇచ్చింది 5,000 డాలర్లు, ఆపైన ఏటా 500. మా ప్రాంతంలో ఏ ఇంటి దస్తావేజు వెంట వెనక్కి వెళ్ళినా చివరికి తేలేది ఆ కొనుగోలు దగ్గరే.

కనడసేగా ఉన్న చోట ఇప్పుడు జెనీవా పట్నం. దాని పక్కనే 1882 నుంచి వ్యవసాయ పరిశోధన కేంద్రం నడుస్తోంది. కార్ట్‌లండ్, ఎంపైర్ రకాలు పుట్టింది అక్కడే. అమెరికా ప్రభుత్వం వేల యాపిల్ రకాలను చెట్లుగా కాపాడుతున్నదీ అక్కడే, కజకిస్తాన్ అడవుల నుంచి తెచ్చిన గింజల మొక్కలతో సహా. నరికిన తోటల నేల మీద ప్రపంచపు తోటను దాస్తున్నారు. ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటి వదిలేసినా ఈ దేశం అర్థం కాదని నాకు నమ్మకం కుదిరింది.

సెనెకాలు పోలేదు. 1794 నవంబరు 11న కనాండైగువా అనే ఊళ్ళో అమెరికాతో సంధి రాసుకున్నారు. ఆ సంధి ప్రకారం ప్రభుత్వం ఇప్పటికీ ఏటా గుడ్డ పంపుతుంది. ఆ గుడ్డ విలువ ఎంతని వాళ్ళు చూడరు. అది వస్తున్నంత కాలం మాట బతికి ఉన్నట్టు. ఏటా ఆ తేదీన అక్కడి కోర్టు భవనం ముందు చేరి సంధిని గుర్తు చేసుకుంటారు. చలిలో నిలబడి చూసిన రోజున నాకు మా ఇంటి దస్తావేజు కళ్ళ ముందు కదిలింది.

చెట్టు నాటడం ఎప్పుడూ ఆక్రమణే అనను. చిన్నప్పుడు జ్వరమొస్తే నాన్న తెచ్చే సిమ్లా యాపిల్ వెనక కూడా ఒక అమెరికన్ ఉన్నాడు. ఫిలడెల్ఫియాకు చెందిన శామ్యూల్ స్టోక్స్ 1904లో మన దేశం వచ్చి, సిమ్లా దగ్గర కోట్‌గఢ్‌లో స్థిరపడి, అమెరికా నుంచి డెలిషస్ యాపిల్ మొక్కలు తెప్పించి, చుట్టుపక్కల రైతులకూ నేర్పాడు. స్వాతంత్ర్యోద్యమంలో చేరి 1921లో జైలుకెళ్ళాడు. తర్వాత పేరు సత్యానంద్ అని మార్చుకున్నాడు. వచ్చిన నేలకు తన వంతు చెల్లించాడు. ఇక్కడ మాత్రం, వేన్ కౌంటీ తోటల్లో ఈ శరదృతువులో నిచ్చెనలెక్కి కాయలు కోస్తున్నవాళ్ళలో సీజను వీసా మీద వచ్చిన జమైకావాళ్ళు ఎందరో. కోత ముగియగానే వెళ్ళిపోవాలి. వాళ్ళ చేతుల మీదుగానే నా సీసాలోకి సగం కాయలొచ్చాయి.

జల్లెడలో మిగిలిన తొక్కలూ, సాస్‌కి పనికిరాక పక్కన పెట్టిన కాయలూ పెరటి ఎరువు గుంటలో వేస్తాను. పోయిన వసంతంలో ఆ ఉడకని కాయల గింజల నుంచి అక్కడ మూడు మొలకలొచ్చాయి. ఒకదాన్ని తీసి కంచె పక్కన నాటాను. కాయడానికి ఏడెనిమిదేళ్ళు పట్టొచ్చు, ఏ కాయ కాస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ రాత్రి ఇంటి దస్తావేజు ఉన్న కవరులో ఒక కాగితం పెట్టాను. కనడసేగా అన్న పేరు, 1779, 1788, 1794 అన్న సంవత్సరాలు, వాటికి నాలుగు మాటల వివరం రాశాను. ఈ ఇల్లు రేపు ఎవరు కొన్నా చెట్టుతో పాటు ఆ కాగితం కూడా వాళ్ళకు అందాలి.