వెబ్ నిర్మాతలకు పనికివచ్చే వ్యాస రచన

వెబ్ నిర్మాతల కోసం రాసే వ్యాసం ఒకే సమస్యను స్వీకరించి, పరిష్కారాన్ని చివరివరకు చూపాలి. వెబ్ పుటలో తెలుగు సరిగా కనిపించకపోవడం అటువంటి సమస్య.

లక్షణం: ముందుగా లోపాన్ని గుర్తించే విధానం చెప్పాలి. అక్షరాల స్థానంలో ఖాళీ గళ్లు కనిపిస్తే, సాధారణంగా తగిన ఫాంటు లేదని అర్థం. అర్థంలేని గుర్తులు కనిపిస్తే ఎన్‌కోడింగ్ తప్పి ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి రాస్తే పాఠకుడు దారి తప్పుతాడు.

కారణం: 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు ఉంది. యూటీఎఫ్-8 విధానంలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. ‘అమ్మ’లో అ, మ, పొల్లు, మ అనే 4 సంకేతాలున్నందున 12 బైట్లు కావాలి. డేటాబేసులో 10 బైట్ల గడి ఇస్తే ఆ చిన్న మాట కూడా పట్టదు. దరఖాస్తులో పేరు తెగిపోతే నష్టపడేది దరఖాస్తుదారే.

పరిష్కారం: ఫైలును యూటీఎఫ్-8లో భద్రపరచాలి. ఆ సంగతి తెలిపే మెటా ట్యాగును పుటలోని తొలి 1024 బైట్లలోపు ఉంచాలి. బళ్లారి, హోసూరు వంటి చోట్ల రెండు భాషల పుటలు నిర్మించేవారు ఏ భాగం ఏ భాషదో లాంగ్ గుణంతో విడివిడిగా తెలపాలి. తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు అదే ఆధారం.

పరీక్ష: ఉదాహరణను స్వయంగా నడిపి చూసి, బ్రౌజరు కూర్పును, పరీక్షించిన తేదీని పేర్కొనాలి. ఆ రెండూ ఉంటే, వ్యాసం ఎంతవరకు చెల్లుతుందో పాఠకుడే తేల్చుకోగలడు.