ప్రైమర్ గుంట

రైఫిల్ తూటాకు ఉండే ఇత్తడి గొట్టం అడుగున, సరిగ్గా మధ్యలో, ప్రైమర్ కూర్చోవడానికి ఏర్పరచిన గుండ్రని పల్లాన్ని ప్రైమర్ గుంట అంటారు. తుపాకీ సూది తగిలినప్పుడు మొదట నిప్పు పుట్టేది ఇక్కడే. ఒకసారి పేలిన గొట్టాన్ని పారవేయక, కొత్త ప్రైమరు, మందు, గుండు అమర్చి మళ్ళీ వాడుకొనే పద్ధతి అమెరికాలోను, ఐరోపాలోని పలు దేశాలలోను వేటగాళ్ళలోను, గురి పోటీల క్రీడాకారులలోను చిరకాలంగా ఉన్నది. పైకి ఒకే కొలతగా కనిపించే ఈ గుంటలు, గొట్టం తయారుచేసిన సంస్థను బట్టి లోతులోను, బిగువులోను, అంచు తీరులోను, రంధ్రం వెడల్పులోను భిన్నంగా ఉంటాయి. ఆ తేడా అంగుళంలో వెయ్యవ వంతులలోనే ఉంటుంది. అయినా తూటా పేలకపోవడానికి గాని, తుపాకీ బోల్టు పూర్తిగా బిగుసుకోకముందే పేలిపోవడానికి గాని అది చాలు.

ప్రైమర్ నిర్మాణం

ప్రైమర్ అనేది పలుచని లోహపు టోపీ. దాని లోపల దెబ్బకు మండే రసాయనం కొద్దిపాటి ఉంటుంది. దీపావళికి పిల్లలు పేల్చే కేపులదీ ఇదే సూత్రం. పూర్వం తుపాకీ చెవిలో పోసే మందును తెలుగులో రంజకం అనేవారు. నేటి ప్రైమర్ చేసేది ఆ రంజకం పనే. సూది దెబ్బకు రసాయనం నలిగి మండాలంటే వెనుక గట్టి ఆధారం కావాలి. దీనినే దాగలి అనవచ్చు.

ఈ దాగలి ఎక్కడ ఉండాలన్న విషయంలో 1866 నుండి రెండు పద్ధతులు నడుస్తున్నవి. ఇంగ్లండులో కర్నల్ ఎడ్వర్డ్ బాక్సర్ రూపొందించిన పద్ధతిలో దాగలి ప్రైమర్‌లోనే ఉంటుంది. గుంట అడుగున నడిమధ్య ఒకే రంధ్రం ఉంటుంది. అమెరికాకు చెందిన హైరం బెర్డాన్ పద్ధతిలో దాగలి గొట్టంలోనే భాగం. రంధ్రాలు దానికి పక్కన ఉంటాయి. విచిత్రమేమంటే ఆంగ్లేయుని పద్ధతి అమెరికాలోను, అమెరికన్ పద్ధతి ఐరోపా సైన్యాలలోను స్థిరపడ్డాయి. పుణె దగ్గరి ఖడ్కీ కర్మాగారంలో తయారైన .303 తూటాలు బెర్డాన్ తరహావి. బాక్సర్ గొట్టంలోనైతే నడిమి రంధ్రం గుండా సన్నని సూదిని దింపి పాత ప్రైమర్‌ను సులువుగా తోసివేయవచ్చు. తిరిగి నింపేవారు బాక్సర్ గొట్టాలనే కోరుకోవడానికి కారణం ఇదే. ఈ వ్యాసంలో ఇకపై చెప్పేది వాటి గురించే.

కొలతలు

రైఫిల్ ప్రైమర్లు రెండు పరిమాణాలలో వస్తాయి. పెద్దది సుమారు 0.210 అంగుళాలు, చిన్నది సుమారు 0.175 అంగుళాల వ్యాసం కలవి. అమెరికాలో ఆయుధ, మందుగుండు తయారీదారుల ప్రమాణాల సంస్థ సామి నిర్దేశించిన ప్రకారం పెద్ద గుంట లోతు 0.125 నుండి 0.132 అంగుళాల వరకు, చిన్న గుంట లోతు 0.117 నుండి 0.123 అంగుళాల వరకు ఉండవచ్చు. గుంట వ్యాసం ప్రైమర్ వ్యాసం కన్నా రవంత తక్కువగా ఉంటుంది. ప్రైమర్ రాపిడి వలననే అందులో బిగిసి నిలుస్తుంది.

పెద్ద గుంట లోతులో అనుమతించిన వ్యత్యాసం 7 వెయ్యవ వంతులు. ఒక సంస్థ హెచ్చు అంచున, మరొకటి తక్కువ అంచున తయారుచేస్తే రెండూ ప్రమాణానికి లోబడినట్లే. కాని ఒకే సాధనంతో, ఒకే ఒత్తిడితో రెండింటిలో ప్రైమర్లు కూర్చోబెడితే ఫలితం ఒకటిగా ఉండదు. ప్రైమర్ల ఎత్తు, వ్యాసం కూడా సంస్థను బట్టి కొద్దిగా మారుతాయి. కనుక ఒక జత బిగువుగాను, మరొక జత వదులుగాను తోచడంలో వింత లేదు. చెక్ సంస్థ సెల్లియే అండ్ బెలో గొట్టాలలో గుంటలు బిగువుగా ఉంటాయని అనుభవజ్ఞులు చెబుతారు. ఇది వాడుకలో ఏర్పడిన అభిప్రాయమే గాని, ప్రతి విడతకూ వర్తించే నియమం కాదు.

సైనిక గొట్టాలు

కొత్తవారు ఎక్కువగా చిక్కుపడేది ఇక్కడ. మరతుపాకీలో ప్రైమర్ వెనుకకు జారి బయట పడితే యంత్రం బిగుసుకుపోతుంది. అందుచేత సైన్యానికి తయారుచేసే తూటాలలో ప్రైమర్ కూర్చోబెట్టిన తరువాత గుంట అంచును చుట్టూ గాని, కొన్ని చోట్ల మాత్రమే గాని లోపలికి నొక్కుతారు. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రపు లేక్ సిటీ కర్మాగారంలో తయారయ్యే 5.56 మి.మీ. గొట్టాలు ఇందుకు పరిచితమైన ఉదాహరణ. పాత ప్రైమర్ తీసివేసినా ఆ నొక్కు అంచుకు మిగిలే ఉంటుంది. దానిని తొలగించకుండా కొత్త ప్రైమర్‌ను దింపబోతే అది వంకర పోతుంది, నలుగుతుంది, ఒక్కొక్కప్పుడు పేలుతుంది కూడా.

నొక్కును రెండు విధాలుగా తీస్తారు. ఉక్కు కడ్డీతో అంచును వెనుకకు ఒత్తడం ఒకటి, కోత సాధనంతో అంచును చెక్కడం రెండవది. ఒత్తితే లోహం పోదు. చెక్కేటప్పుడు చేయి రవంత ఎక్కువ ఆడితే గుంట వదులై గొట్టం పనికిరాకుండా పోతుంది.

చిన్న గుంట, పెద్ద గుంట

ఒకే తూటాకు రెండు పరిమాణాల గుంటలు రావడం మరొక చిక్కు. 2007లో వెలువడిన 6.5 క్రీడ్‌మోర్ తూటాకు హార్నడీ గొట్టాలు పెద్ద ప్రైమర్‌తో వస్తే, ఫిన్లాండ్ సంస్థ లాపువా గొట్టాలు చిన్న ప్రైమర్‌తో వచ్చాయి. .308 వించెస్టర్‌కు సైతం లాపువా చిన్న గుంటతో పామా పేర ప్రత్యేక గొట్టాలు చేసింది. గుంట చిన్నదైతే చుట్టూ ఇత్తడి ఎక్కువ మిగులుతుంది. అది అధిక పీడనాన్ని ఎక్కువసార్లు తట్టుకుంటుంది. దీనికి మూల్యంగా చలి తీవ్రంగా ఉన్నచోట మందు అంటుకోవడంలో ఇబ్బంది రావచ్చు.

ఈ లాపువా చిన్న గుంటలలో నిప్పు రంధ్రం సుమారు 1.5 మి.మీ. మాత్రమే. మామూలు గొట్టాలలో అది 2 మి.మీ. ఉంటుంది. సాధారణ సూదితో పాత ప్రైమర్‌ను తోయబోతే సూది ఆ సన్నని రంధ్రంలో ఇరుక్కుంటుంది, లేదా విరుగుతుంది.

ప్రమాదాలు

ప్రైమర్ గొట్టం అడుగు తలం కన్నా కొద్దిగా లోపలికే ఉండాలి. సాధారణంగా 3 నుండి 5 వెయ్యవ వంతుల లోతు మంచిదని భావిస్తారు. గుంట లోతు చాలకగాని, అడుగున మసి పేరుకొనిగాని ప్రైమర్ పైకి పొడుచుకొని ఉంటే రెండు విధాల కీడు కలదు. మొదటిది, దాగలి కాళ్ళు అడుగుకు ఆనవు. సూది దెబ్బ ప్రైమర్‌ను లోపలికి నెట్టడానికే ఖర్చై తూటా పేలదు. రెండవది ఇంతకన్నా ఘోరమైనది. ఎం1 గారండ్ వంటి స్వయంచాలక రైఫిళ్ళలో సూదిని స్ప్రింగు పట్టి ఉంచదు. బోల్టు వేగంగా ముందుకు వచ్చి మూసుకొనేటప్పుడు సూది తన ఊపుతో ప్రైమర్‌ను తాకుతుంది. ప్రైమర్ పొడుచుకొని ఉంటే మీట నొక్కకుండానే, బోల్టు బిగుసుకోకముందే తూటా పేలవచ్చు. అప్పుడు తుపాకీ బద్దలై కాల్చేవానికి గాయాలవుతాయి.

వదులు గుంటది వేరొక తీరు. .308 వించెస్టర్‌లో గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల వరకు అనుమతిస్తారు. ప్రతి పేలుడుకూ గుంట కొంచెం కొంచెం విచ్చుకుంటుంది. మందు మోతాదు మించితే త్వరగా విచ్చుకుంటుంది. చివరకు ప్రైమర్ చుట్టూ వేడి వాయువు కారి బోల్టు ముఖాన్ని తినివేస్తుంది. ప్రైమర్ చుట్టూ నల్లని మసి వలయం కనబడితే ఆ గొట్టానికి ఆయువు తీరినట్లే. మెడ భాగాన్ని వేడిచేసి మెత్తపరచినట్లు అడుగు భాగాన్ని ఎన్నడూ వేడిచేయరాదు; గుంట పట్టు అక్కడి ఇత్తడి గట్టిదనంలోనే ఉన్నది.

ఈ కారణాల వలన అనుభవజ్ఞులు గొట్టాలను అడుగున ముద్రించిన గుర్తును బట్టి సంస్థల వారీగా వేరుచేసి, దేనికి దానినే నింపుతారు. గుంటలోకి దూరవలసిన కొలకడ్డీ, దూరకూడని కొలకడ్డీ అని రెండు అమ్ముతారు. రెండవది కూడా దూరితే గొట్టాన్ని పారవేస్తారు.

భారతదేశంలో

1959 ఆయుధ చట్టం ప్రకారం భారతదేశంలో మందుగుండు తయారీకి లైసెన్సు తప్పనిసరి. తూటా భాగాలు, తయారీ యంత్రాలు సైతం ఆ నిర్వచనం కిందికే వస్తాయి. కనుక ఈ వ్యాసంలోని పని ఇక్కడ ఇంట చేసుకొనే వ్యాపకం కాదు. 50 మీటర్ల రైఫిల్ పోటీలలో వాడే .22 తూటాకు ప్రైమర్ గుంటే ఉండదు. దాని రసాయనం అడుగు అంచు మడతలో ఉంటుంది, అంచును నొక్కి పేల్చాక దానిని మళ్ళీ నింపే వీలు లేదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 50 మీటర్ల ప్రోన్ పోటీలో రజతం సాధించినది ఇటువంటి తూటాలతోనే.