కాటన్ అను ఇంటిపేరు



గోదావరి కాలువల నీరు పాఱెడి గ్రామములలో కాటన్ దొర పేరు విననివారుండరు. 1847వ సంవత్సరమున ఆరంభించి 1852 నాటికి ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ గారే ఆ దొర. ఆ పనిని గూర్చి మీకు నేను చెప్పనక్కఱలేదు. నేడు నేను చెప్పదలచినది ఆయన పేరును గూర్చి. కొంచెము ఇంగ్లీషు నేర్చినవారు, “కాటన్ అనగా ప్రత్తి గదా! వీరి పూర్వులు ప్రత్తి వర్తకులై యుందురు” అనుట నేను పలుమాఱులు వింటిని. వినుటకు సబబుగానే యున్నది గాని నిజము కాదు. ఆ పేరులో ప్రత్తి లేదు. ఉన్నది గుడిసె.

ఇంగ్లీషువారి ఇంటిపేరు మన ఇంటిపేరువలె ముందుండదు, వెనుక నుండును. 1066లో నార్మనులు సముద్రము దాటి వచ్చి ఇంగ్లండును జయించునాటికి అచ్చటి సామాన్యులకు ఇంటిపేర్లు లేవు. ఒక్కొక్క మనిషికి ఒక్కటే పేరు. ఊరు చిన్నది గనుక ఆ పేరే చాలెడిది. తరువాత పన్నులకును, భూముల పత్రములకును, వ్యాజ్యములకును జనుల పేర్లు వ్రాసికొనవలసి వచ్చెను. ఒకే ఊరిలో నలుగురు జానులు, ఐదుగురు విలియములు ఉన్నచో పన్ను చెల్లించినవాడెవడో, చెల్లింపనివాడెవడో తెలియుట యెట్లు? అందుచే మన పూర్వపు కరణములవంటి వ్రాయసగాండ్రు ప్రతి పేరు ప్రక్కను ఒక గుర్తు చేర్చుచు వచ్చిరి.

ఆ గుర్తులు ముఖ్యముగా నాలుగు తెగలు. మొదటిది వృత్తి: కమ్మరి యైనచో స్మిత్. రెండవది తండ్రి పేరు: జాను కుమారుడైనచో జాన్సన్. మూడవది రూపము: ఒడలి చాయయో, వెండ్రుకల వన్నెయో గోధుమరంగు కలవాడు బ్రౌన్. మన నిఘంటుకర్తయైన బ్రౌన్ దొర ఇంటిపేరు ఈ తెగలోనిదే. నాలుగవది నివాసస్థానము. మొదట ఈ గుర్తులు ఆ మనిషితోనే పోయెడివి. 13, 14 శతాబ్దములలో అవి క్రమముగా తండ్రినుండి కొడుకునకు సంక్రమింపసాగెను. 1538లో ఎనిమిదవ హెన్రీ రాజుగారి మంత్రి థామస్ క్రామ్వెల్, ప్రతి చర్చియందును జ్ఞానస్నానములు, వివాహములు, ఖననములు పుస్తకమున వ్రాసి యుంచవలెనని ఆజ్ఞాపించెను. ఆ పిదప ఇంటిపేర్లు మఱింత స్థిరపడెను.

కాటన్ అనునది నివాసమును బట్టి వచ్చిన పేరు. ప్రాచీన ఇంగ్లీషు భాషలో ‘కాట్’ అనగా గుడిసె. మనమిప్పుడు విను ‘కాటేజి’ అను మాటకును మూలమదియే. మనకు విభక్తులున్నట్లే ఆ భాషలోను పదముల చివర ప్రత్యయములు చేరుచుండెను. ‘గుడిసెలయొద్ద’ అని చెప్పవలసి వచ్చినపుడు ‘కాటుమ్’ అనెడివారు. నాలుగు గుడిసెలున్న చోటికి అదియే ఊరిపేరయ్యెను. కాలక్రమమున చివరి అక్షరము మెత్తబడి కోటన్ అనియు, కాటన్ అనియు మాఱెను. కేంబ్రిడ్జి ప్రక్కను కోటన్ అను గ్రామము కలదు. స్టాఫర్డుషైరులోను, సఫోకులోను కాటన్ అను గ్రామములు కలవు. ఇట్టివి ఆ దేశమున ఇంకను పెక్కులున్నవి.

ఇందొక విశేషము గమనింపవలెను. కాటన్ గ్రామములోనే యున్నవానిని ఎవరును ‘కాటన్‌వాడు’ అని పిలువరు. అచ్చట అందఱును కాటన్‌వారే. ఊరు విడిచి పైయూరికి పోయినవానికే ఆ గుర్తు పనికివచ్చును. కనుక ఊరిపేరు ఇంటిపేరైన దనగా, ఆ వంశమున ఒకడు ఎప్పుడో ఆ ఊరు విడిచి వచ్చినాడని యర్థము. ఊళ్లపేర్లే ఇంటిపేర్లుగా గల మన కుటుంబములకును ఈ మాట చెల్లును.

ఇది ఊహ కాదు. పాత వ్రాతలలో ఈ పేరునకు ముందు ‘డి’ అను మాట కనబడును. 13వ శతాబ్దమున నారిచ్ పట్టణపు మఠములో నుండి తన దేశచరిత్ర వ్రాసిన సన్న్యాసి పేరు బార్తొలొమ్యూ డి కాటన్. ‘డి’ అనగా ‘ఫలాని చోటివాడు’. ఊరినుండి వచ్చినవాడని చెప్పవచ్చును గాని, ప్రత్తినుండి వచ్చినవాడని యెవరు చెప్పుదురు? ప్రత్తిచెట్టు ఆ చలిదేశమున పండనే పండదు. దాని పేరు అరబ్బీ భాషలో పుట్టి, ఫ్రెంచివారి నోటబడి, పిదప ఇంగ్లీషులో ప్రవేశించినది. రెండు మాటలు రెండు దారుల వచ్చి ఒకే ధ్వనిగా నిలిచినవి.

గుడిసె పేరు గొప్పతనము తెచ్చునది కాదు. 1086లో విలియము రాజు వ్రాయించిన భూముల లెక్కలలో ‘గుడిసెవారు’ అని ఒక తరగతి కలదు. ఒక గుడిసెయు, ఏ కొంచెమో నేలయు గలిగి, దొర పొలములో పాటుపడిన పేదలు వారు. కాబట్టి తరువాతి కాలమున ఈ ఇంటిపేరు గలవారు కొందఱు పెద్దవారై, తమ పేరునకు మఱొక వన్నె వెదకిరి. వారిలో ప్రసిద్ధుడు సర్ రాబర్ట్ కాటన్.

ఈయన 1571లో హంటింగ్డన్‌షైరున జన్మించెను. 1603లో స్కాట్లండు రాజైన జేమ్సు ఇంగ్లండు సింహాసనమును గూడ నెక్కెను. అప్పుడు రాబర్టు తన పూర్వులకు స్కాట్లండు రాజులైన బ్రూసు వంశముతో బాంధవ్యము కలదని చెప్పి, తన పేరునడుమ ‘బ్రూస్’ అని చేర్చికొనెను. అయినను లోకము ఆయనను స్మరించునది రాజబంధువుగా కాదు.

ఎనిమిదవ హెన్రీ మఠములను మూయించినపుడు అందలి వ్రాతప్రతులు చెల్లాచెదరయ్యెను. రాబర్టు కాటన్ వానిని వెదకి వెదకి చేర్చెను. ఆయన బీరువాలమీద రోము చక్రవర్తుల ప్రతిమలుండెడివి. ఏ ప్రతిమక్రింద నున్న గ్రంథమును ఆ చక్రవర్తి పేరుతోనే గుర్తించెడివారు. ప్రజల హక్కులకు సాక్ష్యమైన పాత పత్రములు అందుండుటచే పార్లమెంటు సభ్యులు వచ్చి చూచుచుండిరి. 1629లో చార్లెసు రాజు ఆ గ్రంథాలయమును మూయించెను. అది తిరిగి తన చేతికి రాకుండగనే 1631లో కాటన్ మరణించెను.

ఆయన మనుమని కాలమున అది జాతికి దానమయ్యెను. 1731లో అగ్నిప్రమాదమున కొన్ని ప్రతులు కాలిపోయెను, కొన్ని అంచులు మాడి మిగిలెను. 1753లో మిగిలినవి బ్రిటిష్ మ్యూజియమునకు చేరెను. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి. 1215 నాటి మహాశాసనమైన మాగ్నాకార్టాకు నేడు మిగిలియున్న మూలప్రతులు నాలుగు. అందు రెండు ఈయన దాచినవే. కాటన్ అను పేరును, ఆ చక్రవర్తుల పేర్లును ఇప్పటికిని ఆ గ్రంథములకు గుర్తులుగా నున్నవి.

ఇదే ఇంటిపేరు గల జాన్ కాటన్ అను మతబోధకుడు 1633లో అమెరికాకు వలసపోయెను. ఆయన కుమార్తె కొడుకునకు తాతగారి ఇంటిపేరునే సొంతపేరుగా పెట్టిరి. అతడే కాటన్ మేథర్.

వేఱొక కాటన్ కుటుంబమునకు 1539లో చెషైరు మండలమున కాంబర్మియర్ మఠభూములు రాజునుండి లభించెను. 1826లో భరతపుర దుర్గమును పట్టుకొన్న సేనాపతి లార్డ్ కాంబర్మియర్ ఆ యింటివాడు. మన ఆర్థర్ కాటన్ గారును 1803లో ఆ వంశపు శాఖలోనే జన్మించిరి.

వీరందఱును ఒకే మూలపురుషుని సంతతివారా? ఆ పేరుగల ఊళ్లే పెక్కులున్నపుడు, పేరొక్కటే అట్లు చెప్పుటకు చాలదు. పేరు కలిసినంతమాత్రమున రక్తము కలిసినట్లు కాదు. ధ్వనిని బట్టి అర్థము చెప్పుటయు, పేరును బట్టి వంశము చెప్పుటయు ఒక్కతీరు పొరపాటే. మన గ్రామములలోను ఇంటిపేరుపై కట్టిన కథలు, వానివలన పుట్టిన పంతములు తక్కువ కాదు. అట్టి తగవులు మీ యెదుటికి వచ్చినపుడు పాత దస్తావేజు, శాసనము, తాళపత్రము ఏదైన నున్నచో దానిలో ఆ పేరెట్లు వ్రాయబడినదో ముందు చూడుడు. అట్టి కాగితము మీ పెట్టెలో నున్నచో చెదలకు విడువకుడు.

1982లో ధవళేశ్వరమున పూర్తియైన క్రొత్త బ్యారేజికి కాటన్ గారి పేరే పెట్టిరి. ‘గుడిసెలయొద్ద’ అను పేరది. దానికి ప్రత్తివర్తకమును గాని, రాజబంధుత్వమును గాని మనము కల్పింపనక్కఱలేదు.