తల్లికి మందు ఎప్పుడొచ్చింది?

సత్తెనపల్లి అప్పటికింకా గుంటూరు జిల్లాలోనే ఉంది. హెచ్ఐవి ఎక్కువగా ఉన్న జిల్లాల్లో అదొకటి. 2002లో గర్భిణులకు పరీక్ష, నెవిరపిన్ ఇచ్చే పథకం దేశంలో మొదలైంది. పాజిటివ్ అని తేలిన తల్లికి నొప్పులప్పుడు 200 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, బిడ్డకు పుట్టిన 72 గంటల్లోపు కొన్ని చుక్కలు. అంతే. పురుడయ్యాక ఆమె ఇంటికి వెళ్ళిపోయేది.

ఆ మాత్ర బిడ్డ కోసం. తల్లి జబ్బుకు అది వైద్యం కాదు. పైగా ఆ ఒక్క మోతాదుతోనే కొందరు తల్లుల ఒంట్లో వైరస్ నెవిరపిన్‌కు లొంగని రకంగా మారేది. 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏఆర్‌టీ మొదలైతే, అందులోనూ ముఖ్యమైన మందు మళ్ళీ నెవిరపినే! అదైనా సీడీ4 కణాలు 200కు దిగువకి పడిపోవాలి, లేదా జబ్బు ముదరాలి. అందాకా ఆగమనేవారు.

ఆగి, మళ్ళీ మళ్ళీ వచ్చి చూపించుకోవడం ఎవరివల్ల అవుతుంది? పత్తి, మిరప చేలల్లో కూలికి పోయే మాల, మాదిగ తల్లికి గుంటూరు ప్రయాణమంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ, చంకలో చంటిబిడ్డ, "ఎక్కడికే?" అనే అత్త. పురుడు పుట్టింట్లో, కాపురం ఇంకో ఊళ్ళో. రిజిస్టర్లో పేరు ఒకచోట, మనిషి ఒకచోట. బిడ్డకు పాలివ్వకపోతే వాడంతా ఎందుకని అడుగుతుంది. రికార్డుల్లో మాత్రం 'ఫాలో అప్‌కు రాలేదు' అని ఒక్క ముక్క. తప్పు ఆమెదేనన్నమాట!

2014 జనవరి 1 నుంచి సీడీ4తో పనిలేకుండా ప్రతి పాజిటివ్ గర్భిణికీ జీవితాంతం మందు ఇవ్వాలన్నారు. పథకం మొదలైన పన్నెండేళ్ళకు! ఇప్పుడు బిడ్డకు ఆరో వారంలో పరీక్ష, 18వ నెలలో ఆఖరి నిర్ధారణ. ఆ 18 నెలలూ దాటాక తల్లి మాత్రలు వేసుకుంటోందా అని చూడాల్సింది ఎవరో, మీ ఊరి ప్రభుత్వాసుపత్రిలో అడగండి.