గాలికొండ నుంచి వంజంగి దాకా

అనంతగిరి దాటి అరకు వెళ్లే ఘాట్‌లో గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర కార్లన్నీ ఆగుతాయి. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఇంగ్లీషువాళ్లూ ఇక్కడ ఆగుదామనుకున్నారు. వాల్తేరు ఉక్కపోతకి తాళలేని తెల్ల సిపాయిల కోసం ఒక ఆరోగ్య విడిది కట్టాలని చూశారు. జ్వరాలు పట్టుకుని వదల్లేదు, విడిది ఆలోచన మానుకున్నారు. ఊటీకి దక్కిన వైభవం, దాంతోపాటు ఊటీకి పట్టిన గతి, మన కొండలకి అప్పుడు తప్పిపోయాయి.

మలేరియాని మైదానాల్లో మన్నెం జ్వరం అనేవాళ్లు. 1839 చట్టంతో ఈ కొండలు కలెక్టరు ఏజెంటుగా పాలించే ‘ఏజెన్సీ’ అయ్యాయి. ఆ తర్వాత నూరేళ్లకి పైగా అక్కడికి బదిలీ అంటే ఉద్యోగులకి శిక్ష. జ్వరం ఒక కంచెలా పనిచేసింది. దాన్ని మరీ మెచ్చుకోనక్కర్లేదు. ఆ జ్వరానికి కొండల్లోని పిల్లలూ పోయారు, వడ్డీ వ్యాపారి ఎలాగూ ఆగలేదు. అయినా కొండలు ఎక్కి నివాసముండే జనాన్ని మాత్రం అది చాలాకాలం ఆపింది.

1950లలో డీడీటీ వచ్చింది. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వేశారు. అరకు ‘ఆంధ్రా ఊటీ’ అయింది, లంబసింగి ‘ఆంధ్రా కాశ్మీర్’ అయింది. (సొంత పేర్లున్న ఊళ్లకి ఈ అరువు పేర్లెందుకో!) జ్వరం తగ్గాక కంచె బాధ్యత చట్టం మీద పడింది. 1970 సవరణ తర్వాత, మనందరం 1/70 అని పిలిచే చట్టం గిరిజనేతరుడు ఇక్కడ భూమి కొనకుండా ఆపుతుంది. బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఆ కంచెని ఇంకాస్త బిగించింది.

2020 మార్చిలో విశాఖలో శివాజీ పార్కు, కైలాసగిరి, జూ మూతపడ్డాయి. మా అపార్ట్‌మెంట్‌లో టెర్రస్ మీద నడవడానికి కూడా వాట్సాప్‌లో టైములు పంచుకున్నాం. అదే సమయంలో ఏజెన్సీలో చాలా ఊళ్లవాళ్లు దారికి అడ్డంగా దుంగలు వేసి, బయటివాళ్లు రావద్దని బోర్డులు పెట్టారు. వారపు సంతలు ఆగాయి. ఈసారి రోగం కింది నుంచి పైకి రావాలి. నూటయాభై ఏళ్ల కథ తిరగబడింది: పూర్వం జ్వరమే చేసిన కాపలా ఇప్పుడు ఊరు చేయాల్సి వచ్చింది.

ఆంక్షలు సడలగానే ఇళ్లలో మగ్గిన నగరానికి పార్కు చాలలేదు. వర్క్ ఫ్రమ్ హోమ్ వల్ల లాప్‌టాప్ ఎక్కడ తెరిచినా ఆఫీసే. మా టీమ్‌లో సగంమందికి నూటపదిహేను కిలోమీటర్ల అవతలి అరకు వీధి చివరి పార్కులా అయిపోయింది. పాడేరు దగ్గరి వంజంగి కొండ పేరు నగరంలో మారుమోగింది ఆ రోజుల్లోనే. తెల్లవారకముందే చీకట్లో సెల్‌ఫోన్ వెలుతురుతో ఎక్కి మేఘాల సముద్రం చూస్తారు, దిగుతారు. వెనక సీసాలు, చిప్స్ కవర్లు.

రోగాలు నగరాలకి పచ్చదనం మీద మోజు పుట్టించడం కొత్త కాదు. కలరా కాలంలో లండన్, న్యూయార్క్ ‘ఊపిరితిత్తులు’ కావాలంటూ పెద్ద పార్కులు కట్టుకున్నాయి. న్యూయార్క్ సెంట్రల్ పార్కు కోసం 1857లో సెనెకా విలేజ్ అనే నల్లజాతివాళ్ల ఊరిని ఖాళీ చేయించారు. మన కొండల్లో ఊళ్లని ఎవరూ అలా లేపలేదు, 1/70 ఉంది కాబట్టి. కానీ ఆ చట్టం భూమి కొనేవాణ్ణి ఆపుతుంది గానీ, కారు ఆపుకునేవాణ్ణి ఆపదు. దృశ్యానికి పట్టా లేదు. కొండ ఎవరిదో రాసి ఉంది. దాని మీదికి పొద్దున్నే ఎంతమంది ఎక్కాలో, ఎవరినడిగి ఎక్కాలో ఎక్కడా రాసి లేదు.

మేఘాలు బాగా కనిపించే నవంబరు, డిసెంబరు, జనవరి నెలల్లోనే కాఫీ పండు కోతకి వస్తుంది. కొండ కింద తెల్లవారుజామున టీ, బొంగు చికెన్ అమ్మే కుటుంబాలు పొద్దెక్కాక తోటలోకి వెళ్లాలి. ఆ వేళకి మనం దిగివస్తుంటాం. ఆ సన్నటి దారిలో బుట్టలతో ఎదురొచ్చేవాళ్లే పక్కకి తప్పుకుని కార్లకి దారి ఇస్తున్నారు.