ఫోన్‌ల ఎక్కుతదా, టీచర్?

మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా? హైదరాబాద్‌లో ఒక బడిలో ఏడో తరగతికి రెండేళ్లు లెక్కలు చెప్పాను. నేనడిగిన ప్రశ్నల్లో ఇంతకన్నా తేలికైనది లేదనుకున్నాను. "అర్థమైందా?" అంటే 38 మందీ ఒకే గొంతుతో "అయిందీ..." అన్నారు. ఆ దీర్ఘం మనకు తెలీనిదా? మనమూ తీసినవాళ్లమే. ఎందుకో అనుమానం వచ్చి ఆ రోజు కార్డులు పంచాను.

ప్లికర్స్ అని ఒక యాప్ ఉంది. దీనికి పిల్లల చేతుల్లో ఫోన్లు అక్కర్లేదు. ఒక్కొక్కరికి ఒక్కో నలుపు తెలుపు బొమ్మ అచ్చేసిన కాగితం ఇస్తాం. దాని నాలుగు వైపులా ఏ, బీ, సీ, డీ ఉంటాయి. తనకు తోచిన జవాబు పైకి వచ్చేట్టు కాగితాన్ని తిప్పి పట్టుకుంటే, టీచరు తన ఫోన్ కెమెరాని గదంతా ఒకసారి తిప్పితే చాలు. ఎవరి బొమ్మ వాళ్లదే కాబట్టి పక్కవాళ్లది చూసి ప్రయోజనం లేదు.

23 మంది నాలుగో వంతే పెద్దదన్నారు. మూడు కంటే నాలుగు పెద్దది కదా మరి!

నిజం చెప్పొద్దూ, నాకు సంతోషమే వేసింది. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు నెల తర్వాత తెలియాల్సింది అర నిమిషంలో తెలిసిపోయింది. రెండు చపాతీలు తెచ్చి, ఒకటి మూడు ముక్కలు, ఒకటి నాలుగు ముక్కలు చేసి చూపించి, మళ్లీ అడిగాను.

దీన్ని పుస్తకాల్లో నిర్మాణాత్మక మూల్యాంకనం అంటారు. పిల్లలు మాత్రం ఎఫ్‌ఏ అంటారు, ఫార్మేటివ్ అసెస్‌మెంట్. ఆ మాట పుట్టింది పిల్లల కోసం కాదు. 1967లో మైకేల్ స్క్రివెన్ అనే తత్వవేత్త, పాఠ్యప్రణాళికలను తయారవుతుండగా పరీక్షించడానికీ, తయారయ్యాక తీర్పు చెప్పడానికీ తేడా చూపించడానికి వాడిన మాట అది. తర్వాత బెంజమిన్ బ్లూమ్ దాన్ని విద్యార్థుల చదువుకి అన్వయించాడు. ఈ తేడాకి రాబర్ట్ స్టేక్ ఒక పోలిక చెప్పాడు, నాకు చాలా ఇష్టం. ఆయన సూప్ అన్నాడు గానీ మనం చారు అనుకుందాం. వండే మనిషి అరచేతిలో రెండు చుక్కలు పోసుకుని నాలిక్కి తగిలించుకోవడం ఒకటి, విస్తరి ముందు చుట్టాలు రుచి చూడటం ఇంకొకటి. మొదటిదాంట్లో ఉప్పు తగ్గితే వేసుకోవచ్చు. రెండోదాంట్లో మాట పడటమే.

ఆ సంబరంలో ఈ పనిముట్ల చరిత్ర తవ్వడం మొదలుపెట్టాను. అమెరికాలో తేలుతుందనుకుంటే బళ్లారిలో తేలింది.

1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో, జిల్లాల్లో బడులెన్ని, చదివేవాళ్లెంతమంది అని కలెక్టర్లని లెక్కలడిగాడు. బళ్లారి కలెక్టర్ ఎ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు రాశాడు. తెలుగు వ్యాకరణం రాసి 1816లో అచ్చువేయించిన క్యాంప్‌బెల్ ఈయనే. చాలామంది కలెక్టర్లు అంకెలు పంపి ఊరుకుంటే, ఈయన బడి లోపల ఏం జరుగుతుందో రాశాడు. ఆ జిల్లాలో 533 బడులు, వాటిలో 226 తెలుగువి. పిల్లలు ముందు ఇసుకలో వేలితో దిద్దుతారు. తర్వాత వాళ్ల చేతికి రెండు రకాల పలకల్లో ఒకటి వస్తుంది. ఒకటి, మెతుకులూ బొగ్గుపొడీ పులిమిన చెక్క. రెండోది, గంజి పెట్టి పుస్తకంలా మడతలు వేసి, బొగ్గూ జిగురులూ కలిపి పూసిన గుడ్డ. మన కడితం. రాసేది బలపంతో. ఆ మాటని కూడా ఇంగ్లీషు అక్షరాల్లో తనకు వినబడినట్టు రాసుకున్నాడు. దేనిమీద రాసినా తడిగుడ్డతో తుడిస్తే పోతుందని ప్రత్యేకంగా చెప్పాడు.

ఇక్కడే ఆగిపోయాను. పిల్లాడు రాస్తాడు, పంతులో, పెద్ద తరగతి పిల్లాడో చూస్తాడు, తప్పైతే చెరిపేసి మళ్లీ రాస్తాడు. సాయంత్రానికి ఆ తప్పుకి సాక్ష్యం ఉండదు.

బంగారు కాలమని చెప్పడం లేదు. ఆ 6,641 మంది పిల్లల్లో ఆడపిల్లలు 60 మంది. పైగా అదే నివేదికలో ఇంకో సంగతుంది. పొద్దున బడికి అందరికన్నా ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి అని రాస్తారు, రెండోవాడికి సున్నా చుడతారు, మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వరసలో ఒక్కోటి పెరుగుతూ పోతుంది. ర్యాంకుల పట్టిక కూడా మనకి కొత్తగా రాలేదన్నమాట, అరచేతి మీద ఎప్పుడో ఉంది. పలక మీది తప్పు చెరిగిపోయేది గానీ, వీపు మీది వరస సంఖ్య అంత తొందరగా పోయి ఉండదు.

దాదాపు వందేళ్ల తర్వాత, ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో సిడ్నీ ప్రెస్సీ అనే సైకాలజిస్టు టైప్‌రైటర్ లాంటి ఒక యంత్రం తయారుచేశాడు. ప్రశ్నకి నాలుగు జవాబులు, నాలుగు మీటలు. సరైన జవాబులు ఇన్నని తీరితే మిఠాయి బిళ్ల రాల్చే ఏర్పాటు కూడా పెట్టాడు. ఈ కాలపు క్విజ్ యాప్‌లలో రాలే చుక్కలకీ నక్షత్రాలకీ తాత అదే. కానీ నన్ను పట్టేసింది మిఠాయి కాదు, ఆ యంత్రంలో ఉన్న ఇంకో చిన్న మీట. అది దించి ఉంటే యంత్రం పరీక్ష పెడుతుంది: ఏది నొక్కినా తర్వాతి ప్రశ్నకి వెళ్తుంది, మార్కులు లెక్కేస్తుంది. పైకెత్తితే పాఠం చెబుతుంది: సరైన జవాబు దొరికేదాకా ప్రశ్న కదలదు. యంత్రం అదే, ప్రశ్నలు అవే. మీట ఎటుందన్నదే తేడా. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1930ల మొదట్లో ఆయన ఆ పనే మానుకున్నాడు.

1953 నవంబరులో బి. ఎఫ్. స్కిన్నర్ తన కూతురి లెక్కల క్లాసుకి వెళ్లి వెనక కూర్చున్నాడు. ముందే చేసేసినవాళ్లు దిక్కులు చూస్తున్నారు, రానివాళ్లు బిక్కమొహం వేశారు, ఎవరిది తప్పో తెలిసేది మర్నాడే. చిరాకుపడి ఇంటికొచ్చి తన యంత్రం తాను మొదలుపెట్టాడు. ఆయన పిల్లల్ని పావురాల్లా చూశాడని తిట్టేవాళ్లున్నారు, నేనూ కొంచెం తిట్టుకుంటాను. కానీ ఆ చిరాకు న్యాయమైనదే. అక్కణ్నుంచి ఇలినాయ్ యూనివర్సిటీ ప్లేటో కంప్యూటర్, క్లికర్లు, 2013లో నార్వేలో మొదలైన కహూట్ దాకా దారి పొడవునా కోరిక ఒక్కటే: జవాబు మర్నాటిదాకా ఆగకూడదు. కహూట్ అక్కడితో ఊరుకోలేదు, ఎంత తొందరగా చెబితే అన్ని ఎక్కువ పాయింట్లు ఇచ్చింది. ఆలోచించి చెప్పేవాళ్లు వెనకబడ్డారు.

మన దగ్గర మీట ఎటుంది? విద్యాహక్కు చట్టం 2009లో సమగ్ర, నిరంతర మూల్యాంకనం జరగాలంది. అదే ఏడు సీబీఎస్ఈ సీసీఈ తెచ్చింది. ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు, ఒక్కోదానికి పది శాతం. చారు రుచి చూడటానికి కూడా మార్కులు వేశారు. 2017లో సీబీఎస్ఈ ఆ పద్ధతి ఎత్తేసింది. మన రాష్ట్రాల బళ్లలోకి వచ్చిన ఎఫ్‌ఏకీ మార్కులుంటాయి, ప్రశ్నపత్రం ఉంటుంది, ముందురోజు రాత్రి చదవడం ఉంటుంది. "రేపు ఎఫ్‌ఏ వన్ ఎగ్జామ్" అని పిల్లలు అంటుంటే, పాపం స్క్రివెన్ అనుకునేదాన్ని. మార్కు పడితే ఏమవుతుందో రూత్ బట్లర్ 1988లోనే చూపించింది. పిల్లల రాతకి వ్యాఖ్య మాత్రమే రాసిచ్చినప్పుడు వాళ్లు మెరుగయ్యారు. అదే వ్యాఖ్య పక్కన మార్కు కూడా వేస్తే ఆ లాభం పోయింది.

ఇదంతా తర్వాత చదివింది. అప్పటికి నేను చేసిన పని చెప్పాలి. నా కార్డుల సంగతి ప్రిన్సిపల్ దాకా వెళ్లింది. ఎంతో మెచ్చుకుని, "డేటా మీ దగ్గర ఉంది కదా, నెలనెలా పేరెంట్స్ గ్రూపులో పెడదాం" అన్నారు. యాప్‌లో ప్రతి పిల్లకీ పేరుంది, ప్రతి జవాబుకీ తేదీ ఉంది. నొక్కితే పట్టిక వచ్చింది. పంపించాను. కాదనొచ్చని కూడా తట్టలేదు నాకు.

రెండు వారాలకి క్లాసు మారిపోయింది. కార్డులు ఎత్తడానికి ముందు పిల్లలు క్లాసులో ఫస్టు వచ్చే అబ్బాయి మొహం చూస్తున్నారు. బొమ్మ కాపీ కొట్టలేకపోయినా, అతను కార్డుని ఎటు తిప్పాడో పట్టుకోవడం నేర్చుకున్నారు. నా ఫోన్‌లో తప్పులు తగ్గాయి. బోర్డు దగ్గరికి పిలిస్తే మాత్రం నాలుగో వంతు మళ్లీ పెద్దదైపోయింది.

మూడో బెంచీలో ఒకమ్మాయి ఉండేది, చపాతీ ముక్కల రోజు అందరికన్నా గట్టిగా వాదించిన పిల్ల. ఒకరోజు కార్డు ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

"టీచర్, ఇది ఫోన్‌ల ఎక్కుతదా?"

"ఎక్కుతుందిరా."

"మరి నాకు సరిగ్గ తెల్వది. ఉత్తగ చెప్తా, ఎత్తను."

ఆ మర్నాటి నుంచి కార్డులన్నీ బల్లమీద కుప్ప పోసి, ఎవరికి దొరికింది వాళ్లు తీసుకోమన్నాను. ఫోన్‌లో ఏ పేరుకి ఏ జవాబు పడిందో ఇక అర్థం లేదు. దీనికీ నష్టం ఉంది. 38 మందిలో ఎంతమందికి రాలేదో తెలుస్తుంది గానీ ఎవరికి రాలేదో తెలీదు, బెంచీల మధ్య తిరిగి ఒక్కొక్కరినీ అడగాలి, పీరియడ్‌లో పది నిమిషాలు పోతాయి. సిలబస్‌లో వెనకబడ్డానని రెండుసార్లు మాట పడ్డాను. నెలాఖరుకి పట్టిక అడిగితే, ఈ నెల పేర్లు కలిసిపోయాయండీ అని చెప్పాను. మీరు సరిగ్గా వాడట్లేదేమో, ట్రైనింగ్ ఇప్పిస్తాం అన్నారు. సరేనన్నాను.

ఆ అమ్మాయి కుప్పలోంచి ఎప్పుడూ అడుగున ఉన్న కార్డే లాగేది.